రెండో ఆల్బమ్ ఎందుకంత చీకటి? లెట్స్ ఈట్ గ్రాండ్‌మా విన్నవాళ్లు చెప్పండి

వశిష్ఠ గట్టు (మొగల్తూరు వైపు):

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లండ్‌లో నారిచ్ అనే ఊరి అమ్మాయిలు ఇద్దరు, రోజా వాల్టన్, జెన్నీ హాలింగ్‌వర్త్. నాలుగేళ్ల వయసులో బళ్లో కలిశారు, పదమూడేళ్లకి కలిసి పాటలు కట్టడం మొదలుపెట్టారు. జంట పేరు లెట్స్ ఈట్ గ్రాండ్‌మా. మొదటి ఆల్బమ్ 'ఐ, జెమిని' 2016లో వచ్చింది. రెండోది 'ఐయామ్ ఆల్ ఇయర్స్', 2018 జూన్‌లో. ఆ రెండో పేరుకి మన తెలుగులో సరిగ్గా సరిపోయే మాటుంది, చెవులప్పగించి వింటున్నా అని.

జంట పేరు చెప్పగానే మా అమ్మ "నాయనమ్మని తినేయడమేంటే" అంది. ఇంగ్లీషులో మధ్యలో కామా ఉంటే నాయనమ్మని భోజనానికి పిలిచినట్టు, కామా తీసేస్తే ఆవిడనే తినేద్దామన్నట్టు. మనకి ఆ గొడవ లేదు. "నాయనమ్మా" అని చివర దీర్ఘం తీస్తాం కదా, ఆ దీర్ఘమే కామా పని చేసేస్తుంది.

నాకు వీళ్లు ఎందుకింత దగ్గరయ్యారో చెప్పాలంటే మా సంగతి చెప్పాలి. మాదీ ఇద్దరి జట్టే. నా స్నేహితురాలిది మా ఎదురిల్లు. అంగన్‌వాడీ నుంచి ఒకే పళ్లెంలో తిన్నాం. వాళ్ల నాన్నగారి పాత క్యాసియో కీబోర్డు, నా ఫోన్, పాటలు రికార్డు చేసి కలిపే బ్యాండ్‌ల్యాబ్ యాప్, ఇంతే మా సరంజామా. నాలుగేళ్ల కిందట ఆరు పాటలు చేశాం. చెమ్మచెక్క ఆడుతున్నప్పటి చప్పట్లు, సైకిల్ బెల్లు, తీర్థంలో కొన్న పిల్లనగ్రోవి, అన్నీ అందులో వేశాం. ఊళ్లో అందరికీ నచ్చాయి. సంక్రాంతికి మా వీధిలో ముగ్గులు పెడుతూ కూడా అవే వేసుకున్నారు.

తర్వాత నా స్నేహితురాలికి పెళ్లయింది, అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది, సఖినేటిపల్లి దగ్గర. ఆదివారం నేను నరసాపురం రేవులో పంటు ఎక్కి వెళతాను. మిగతా రోజులు ఫైళ్లు వాట్సాప్‌లో అటూ ఇటూ పంపుకుంటాం. రెండో సెట్ అలాగే తయారైంది. అయిదు పాటలకి రెండేళ్లు పట్టింది.

అందులో ఒక పాట ఎలా పుట్టిందో చెప్తాను. పోయిన ఏడాది మే నెల. కాలువలు కట్టేశారు, మా రొయ్యల చెరువు నీళ్లు చిక్కబడి పచ్చగా ఉన్నాయి. నాన్న చెరువు దగ్గరి మకాంలో, అంటే కాపలా పాకలో ఉన్నారు. నేను అన్నం క్యారేజీ తీసుకెళ్లి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. రొయ్యల చెరువు దగ్గర పడుకున్నవాళ్లకి తెలుస్తుంది, ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) మోత రెండు పొరలుగా ఉంటుంది. పైన చక్రాలు నీళ్లని కొట్టే చప్పుడు, అడుగున మోటారు హోరు. కాసేపటికి పై చప్పుడు చెవికి ఆనదు, హోరు ఒక్కటే మిగులుతుంది. ఫోన్‌ని మకాం గుంజకి తువ్వాలుతో కట్టి రికార్డింగ్ పెట్టాను.

రాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. ఒక్కసారిగా మొత్తం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో తర్వాత ఫైల్లో చూశాను, 47 సెకన్లు. అందులో వినపడేవి ఇవే: నాన్న చెప్పులు లేకుండా గట్టు మీద పరిగెత్తిన అడుగులు, టార్చి బటన్ టిక్కుమనడం, జనరేటర్ హ్యాండిల్ తిప్పుతూ ఆయన బిగబట్టి వదిలిన ఊపిరి. ఆ వేళప్పుడు నీళ్లలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, అసలే తక్కువ. పగలంతా ఆక్సిజన్ వదిలిన పచ్చనాచే రాత్రిపూట దాన్ని లాగేసుకుంటుంది. ఏరేటర్లు లేవకపోతే రొయ్య పైకి తేలుతుంది, ఆ పంట అక్కడితో సరి. జనరేటర్ అందుకుంది. మోటార్లు లేచాయి. కానీ హోరు ముందున్న శృతిలో లేదు. కొంచెం దిగి, ఊగి, తర్వాత నిలబడింది.

ఆ ఫైలు నా స్నేహితురాలికి పంపాను. మర్నాడు పొద్దున్నే దాని మీద గొంతు కలిపి తిరిగి పంపింది, ఎప్పుడూ పాడనంత కిందిస్థాయిలో. మాటలు మా నాయనమ్మ బావి గురించి. చుట్టూ వరి చేలన్నీ చెరువులయ్యాక ఆ బావి నీళ్లు ఉప్పెక్కాయి. ఇప్పుడు చేద కూడా తీసేశారు. ఆ చెరువుల్లో మాదీ ఒకటి. ఆ మాట కూడా పాటలో ఉంది.

ఇక వినిపించినవాళ్లు ఏమన్నారంటే, మా వైపు ఫంక్షన్లకి ప్రోగ్రాములు కుదిర్చే ఒకాయన "చావింటి పాటలా ఉందమ్మా, స్పీడు పెంచి డప్పు వెయ్యండి, మొదటివాటిలా చెయ్యండి" అన్నారు. మా బావగారు "ఫోన్లో ఏమీ వినపడట్లేదు, ఖాళీగా ఉంది" అన్నారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ టెన్షన్‌లోనే 'ఐయామ్ ఆల్ ఇయర్స్' మళ్లీ మొదటి నుంచి విన్నాను. వాళ్లూ అంతే కదా. మొదటి ఆల్బమ్‌లో పిల్లల గొంతులు, చేతికందిన వాయిద్యమల్లా ఉంది. స్టేజీ మీద ఎదురెదురుగా నిలబడి మన చెమ్మచెక్కలాగే చప్పట్లాట ఆడేవారు. రెండోదానికొచ్చేసరికి పెద్ద పెద్ద సింథ్‌లు (చప్పుళ్లని కరెంటుతో పుట్టించే సింథసైజర్లు), కోసేసే చప్పుళ్లు, చివర 11 నిమిషాల పాట. అయినా ఆట ఎక్కడికీ పోలేదు. ఒక పాట పేరు స్నేక్స్ అండ్ లాడర్స్, మన వైకుంఠపాళి. శివరాత్రి జాగారానికి మేమిద్దరం ఆడుకున్న ఆటే. మధ్యలో పిల్లి గురగురమనే చిన్న ముక్క ఒకటుంది.

నేను అడిగేది ఇది. ఆట పోకుండా అంత చీకటి వాళ్లకెలా కుదిరింది? తెలిసినవాళ్లు విని చెప్పండి, ఎక్కడ ఏం చేశారో. రెండోది, మా బావి పాటలో ఏదో తేడాగా ఉంది, హోరూ క్యాసియో కలవట్లేదు, ఎందుకో పట్టుకోలేకపోతున్నాను. రెండు సెట్ల లింకులూ నా ప్రొఫైల్లో ఉన్నాయి.

ఎడ్జ్‌రన్నర్ కాకినాడ:

అక్కా, నేను వీళ్లింట్లోకి పెరటి గుమ్మంలోంచి వచ్చినవాణ్ని. సైబర్‌పంక్ గేమ్ కోసం రోజా వాల్టన్ ఒక్కరే ఒక పాట పాడారు, 2020లో. అదే పాట 2022లో ఆ గేమ్ మీద తీసిన యానిమే సిరీస్‌లో వాడారు. మా హాస్టల్లో ఆ సిరీస్ చూసి ఆ పాటకి ఏడవనివాడు లేడు. ఎవరీవిడ అని వెతుక్కుంటూ వెళితే ఈ జంట దొరికింది.

మీ మొదటి ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తా. ఆ ఆల్బమ్‌లో చాలా భాగం డేవిడ్ రెంచ్ ప్రొడ్యూస్ చేశారు. హాట్ పింక్, ఇట్స్ నాట్ జస్ట్ మీ అనే రెండు పాటలు మాత్రం సోఫీ, హారర్స్ బ్యాండ్ గాయకుడు ఫారిస్ బద్వాన్ కలిసి చేశారు. సోఫీ స్కాట్లండ్ ఆవిడ. ఆవిడ పద్ధతి వేరు. రేకు చప్పుడు కావాలంటే రేకుని కొట్టి రికార్డు చేసేవారు కాదు. సింథసైజర్‌లో ఉత్త తరంగం దగ్గర మొదలుపెట్టి, దాన్ని వంచి, బిగించి రేకు చప్పుడు పుట్టించేవారు. రబ్బరు సాగడం, బుడగ పగలడం, అన్నీ అలాగే. అందుకే హాట్ పింక్‌లో మెత్తగా గుసగుసలాడుతున్న గొంతు పక్కనే ఏదో లోహం విరిగినట్టుంటుంది. పేరేమో గులాబీ రంగు, ఆడపిల్లల రంగని తేలిగ్గా చూసే రంగు. ఆ తేలిక చూపు మీద కోపమే ఆ చప్పుడు. దాన్ని దిగులు పాట అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సోఫీ 2021 జనవరి 30న ఏథెన్స్‌లో పోయారు, పున్నమి చంద్రుణ్ని చూద్దామని పైకెక్కి జారిపడి. 34 ఏళ్లు. ఆ రోజు నేను ఇంటర్ ప్రాక్టికల్స్‌కి చదువుతున్నాను. పుస్తకం మూసేసి ఆ రెండు పాటలే వింటూ కూర్చున్నాను.

మీ బావి పాట విన్నానక్కా. నిశ్శబ్దం వచ్చే చోట ఫోన్ ఆగిపోయిందేమోనని చూసుకున్నాను. తర్వాత అడుగులు వినపడ్డాయి. దయచేసి అక్కడ డప్పు వెయ్యకండి.

కొల్లేటి కొంగ (ఆకివీడు):

నేను నారిచ్‌లో చదువుకున్నాను, రెండు శీతాకాలాలు అక్కడ గడిపాను. ఆ ఊరి పేరు మన అక్షరాల్లో చూసి గుండె జల్లుమంది. అందుకే ఊరి గురించి ఒక ముక్క చెప్పనివ్వండి, మీ పాటకి సంబంధం ఉంది.

ఆ ప్రాంతం పేరు నార్ఫోక్. మన వైపులాగే బల్లపరుపు నేల. ఎటు చూసినా ఆకాశం చేలని ఆనుకునే ఉంటుంది. నారిచ్ దాటగానే బ్రాడ్స్ అని పెద్ద పెద్ద నీటి మడుగులు, వాటిని కలిపే ఏళ్లు, పడవలు. అవి సహజంగా ఏర్పడిన సరస్సులని జనం చాలాకాలం నమ్మారు. 1950లలో పరిశోధకులు మట్టి పొరలు చూసి తేల్చారు, అవన్నీ మనుషులు తవ్విన గోతులని. మధ్యయుగాల్లో పొయ్యిలోకి పీట్ అనే నల్లమట్టి కోసం తరాల తరబడి తవ్వుకుంటూ పోయారు. తర్వాత సముద్రమట్టం పెరిగి అవి నీళ్లతో నిండిపోయాయి. ఇప్పుడు వాటి అందం చూడ్డానికి టిక్కెట్లు కొనుక్కుని వస్తారు.

నేను ఆ ఒడ్డున కూర్చున్నప్పుడల్లా మా ఆకివీడు చెరువులే కళ్ల ముందుకొచ్చేవి. తవ్విన నేలలో నీళ్లు నిలబడితే అది చూడ్డానికి ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టుంటుంది. మీ పాటలో "ఆ చెరువుల్లో మాదీ ఒకటి" అన్న చోట నేను ఆగిపోయాను.

ఇక ఆల్బమ్ మాటకొస్తే, నాది వేరే అభిప్రాయం. నా చెవికి మొదటిదే చీకటి. దుప్పటి కింద దూరి ఒకరికొకరు దయ్యం కథలు చెప్పుకునే పిల్లల చీకటి అది. ఇద్దరి గొంతుల్లో ఏది ఎవరిదో తెలియదు, బయటివాళ్లకి చోటు లేదు. రెండోదాంట్లో తలుపు తీశారు. ఆవా అనే పాట వినండి, పియానో మీద నెమ్మదిగా సాగుతుంది. మనసు బాగాలేని స్నేహితురాలి దగ్గర కూర్చుని ఏం చెయ్యాలో తెలియని మనిషి గొంతు. బయటి మనుషుల కష్టం లోపలికొచ్చింది, దాన్ని అందరూ చీకటి అంటున్నారు.

మూడోది కూడా వినండి, 'టూ రిబ్బన్స్', 2022. ఆ మధ్యకాలంలో జెన్నీ ప్రేమించిన అబ్బాయి క్యాన్సర్‌తో పోయాడు, ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. మొదటిసారి ఎవరి పాటలు వాళ్లు విడివిడిగా రాసుకున్నారు, ఒకరి గురించి ఒకరు. మీరు అటు ఒడ్డూ ఇటు ఒడ్డూ ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. ఇద్దరూ కలిసే రోజు చూసుకుని, కలిసి వినండి.

హార్మోనియం పెట్టె (రామచంద్రపురం):

అమ్మా, నేను నలభై ఏళ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. ఈ ఇంగ్లీషు పిల్లల పేరు ఇవాళే విన్నాను. మా మనవడు హెడ్‌ఫోన్ పెట్టి ఆల్బమ్ మొత్తం వినిపించాడు, ఏభై నిమిషాలు. ఆ చివరి పెద్ద పాట రెండుసార్లు విన్నాను. తర్వాత మీ రెండు సెట్లూ విన్నాను. మీ రెండో ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఉంది.

ముందు ఒక సంగతి. మీ మొదటి సెట్లో చెమ్మచెక్క పాట ఉంది కదా, అది మోహన రాగం. స రి గ ప ద. రెండో సెట్లో బావి పాట శివరంజని. అదీ స రి గ ప ద నే. తేడా ఒక్క గాంధారంలోనే ఉంది. మోహనంలో అంతర గాంధారం, శివరంజనిలో సాధారణ గాంధారం. కీబోర్డు మీద ఒక్క మెట్టు కింద. మిగతా నాలుగు స్వరాలూ ఎక్కడివక్కడే. పైగా పల్లవి నడక కూడా అదే, చెమ్మచెక్క నడకే, నెమ్మదిగా వేశారు. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, మీ చిన్నప్పటి పాటనే తీసుకుని అందులో ఒక్క స్వరం దించారు. ఆట పోకుండా చీకటి ఎలా వస్తుందని వాళ్ల గురించి అడిగారు. మీ పాటలోనే ఉంది చూసుకోండి.

ఇప్పుడు హోరు సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది. మోటార్లో ఇనుము దానికి రెట్టింపున అదురుతుంది, అంటే 100. మైకుసెట్లో వచ్చే బొయ్యిమనే హమ్ కూడా చాలాసార్లు ఇదే. నేను దానితో జీవితాంతం పోరాడాను కాబట్టి చీకట్లో లేపి అడిగినా దాని శృతి చెప్పగలను. క్యాసియోలో కింది జి స్వరం 98. మీరు జి షడ్జమంగా, అంటే స గా, పెట్టుకుని వాయించారు. మోటారు 100లో ఉంది. ఆ తేడా 35 సెంట్లు, అంటే ఒక మెట్టులో మూడో వంతు పైనే. చిన్నదే, కానీ పళ్ల మధ్య పీచు ఇరుక్కున్నట్టు పాటంతా బాధపెడుతుంది.

మోటార్ని మార్చకండి. ఫైలుని సాగదీసి శృతి దించితే ఆ ఏరేటర్ ఒళ్లు పోతుంది. కీబోర్డునే మోటారు దగ్గరికి తీసుకెళ్లండి. క్యాసియోలో ట్యూనింగ్ అని ఉంటుంది, మామూలుగా 440 చూపిస్తుంది. దాన్ని 449 చెయ్యండి. జి వెళ్లి 100 మీద కూర్చుంటుంది. మీ స్నేహితురాలు ఎలాగూ మోటారు విని పాడింది, ఆవిడ గొంతు దానితోనే ఉంది. కీబోర్డు ఒక్కటే వేరే ఊళ్లో ఉంది.

కరెంటు పోయి జనరేటర్ అందుకున్నాక శృతి దిగి ఊగుతుంది కదా, అక్కడ మాత్రం కీబోర్డు పూర్తిగా తీసెయ్యండి. లోడు ఒక్కసారి మీద పడేసరికి ఇంజను వేగం తగ్గుతుంది, దానితో కరెంటు హెర్ట్జ్ తగ్గుతుంది, దానితో హోరు దిగుతుంది. దాన్ని ఏ స్వరంతోనూ సరిదిద్దొద్దు. ఆ కాసేపూ ఆవిడ గొంతు, మీ నాన్నగారి ఊపిరి చాలు.

ప్రోగ్రాములు కుదిర్చేవారి మాట మనసులో పెట్టుకోకండి. ఆయనకి కావలసింది మండపంలో జనం లేచి గంతులెయ్యడం. అదీ పనే, నేను దానితోనే పిల్లల్ని చదివించాను. ఇది వేరే పని.

మైకుసెట్టు అబ్బాయి (అమలాపురం):

గురువుగారు చెప్పాక నేను చెప్పేది చిన్నది. అక్కా, మీ బావగారు "ఫోన్లో ఖాళీగా ఉంది" అన్నది నిజమే. ఆయన తప్పు లేదు, పాట తప్పూ లేదు. ఫోన్ స్పీకరు గోరంత ఉంటుంది, 100 హెర్ట్జ్ దానికి లేనట్టే లెక్క. మీ పాటకి నేలే ఆ హోరు. నేల తీసేసి పాట వినిపించినట్టయింది ఆయనకి.

దీనికో మార్గం ఉంది. హోరు ట్రాక్‌ని ఇంకొకటి కాపీ చేసుకుని దాని మీద కొంచెం డిస్టార్షన్ (చప్పుడుని కావాలని గరుకు చేసే ఎఫెక్ట్) వెయ్యండి, బ్యాండ్‌ల్యాబ్‌లోనే ఉంటుంది. అప్పుడు 100తో పాటు 200, 300, 400 కూడా పుడతాయి. ఆ పైవాటిని ఫోన్ పలుకుతుంది. పైవి వినపడితే అడుగున ఉండాల్సిన 100ని మన చెవే ఊహించుకుంటుంది. కాపీని చాలా తక్కువలో పెట్టండి, అసలుది అలాగే ఉంచండి.

ఇంకోటి, మీ ఇద్దరూ ఫైళ్లు వాయిస్ మెసేజ్‌లుగా పంపుకుంటున్నారేమో, అలా వద్దు, పలచబడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. పాట లింకు కింద "హెడ్‌ఫోన్‌తో వినండి" అని ఒక్క ముక్క రాయండి.

వశిష్ఠ గట్టు:

వారం తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఆదివారం పంటు మీద వెళ్లాను, క్యాసియో బస్తాలో చుట్టుకుని.

గురువుగారూ, మోహనం, శివరంజని సంగతి మాకు నిజంగా తెలియదు. మీ మాటలు నా స్నేహితురాలికి చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆ పొద్దున హోరు మీద పాడేటప్పుడు కొత్త బాణీ ఏమీ తట్టలేదట. నోటికొచ్చింది చెమ్మచెక్కేనట, కానీ ఆ హోరు మీద గాంధారం పైకి లేవలేదట, అదే కిందికి జారిందట. సరిచేసి మళ్లీ పాడదామనుకుని, అత్తగారు పిలిస్తే అలాగే పంపేసింది.

ట్యూనింగ్ 449 చేశాం. మొదట జి నొక్కి పట్టుకుని హోరు వేశాను. అంతకుముందు రెంటికీ మధ్య వగ్గు వగ్గుమని ఒక కొట్టుకోవడం ఉండేది, ఇన్నాళ్లూ అది నీళ్ల చప్పుడనుకున్నాను. అది ఆగిపోయింది. రెండూ ఒకటైపోయి, కీబోర్డు మీద నుంచి వేలు తీసేశానా లేదా అని చూసుకోవాల్సొచ్చింది. దాని చిన్న కొడుకు స్పీకరు బాక్సు మీద చెయ్యి పెట్టి తియ్యడం లేదు. జనరేటర్ చోట కీబోర్డు తీసేశాం. డప్పు వెయ్యలేదు. తమ్ముడూ, నువ్వు బెంగపెట్టుకోకు.

డిస్టార్షన్ కాపీ కూడా వేశాం. మా బావగారికి ఫోన్లోనే వినిపిస్తే "ఇప్పుడేదో ఉంది" అన్నారు. 'టూ రిబ్బన్స్' ఇద్దరం కలిసి విన్నాం, వాళ్ల పెరట్లో కొబ్బరి మట్టల మీద కూర్చుని. మధ్యలో అది లేచి లోపలికెళ్లి వచ్చింది. దాని గురించి ఇక్కడ రాయను, కానీ వినమన్నందుకు మీకు రుణపడి ఉంటాం.

రాత్రి తిరిగొచ్చాక నాన్నకి వినిపించాను. ఆయన నా పాటలు ఎప్పుడూ వినరు, టైం ఉండదు. మకాంలో మంచం మీద కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. తన అడుగులు వినపడిన చోట ఆయన కాలి వేళ్లు కదలడం నేను చూశాను. అయిపోయాక హెడ్‌ఫోన్ తీసి "ఇది రెండో చెరువు తూర్పు మూల మోటారు. బేరింగు అప్పటికే పోతోంది, వినపడుతోంది చూడు" అన్నారు. నాకు వినపడలేదు. మళ్లీ వేయమన్నారు. మళ్లీ వేశాను. ఆయన వేలెత్తి "ఇదిగో" అన్నారు. అప్పుడు వినపడింది, హోరు లోపల సన్నగా, గీరుతున్నట్టు.

మిక్సింగ్‌లో ఆ గీర ఎక్కువ తక్కువ కాకుండా ఉంచాలంటే ఎన్ని హెర్ట్జ్‌ల దగ్గర చూసుకోవాలో మైకుసెట్టు తమ్ముడు చెప్తే, ఈ వారంలో పాట పూర్తి చేసి లింకు పెడతాను.